ట్యాంకు కింద మూడు చుక్కలు

నేను అనుమానపు మనిషినని మా ఇంట్లో అందరూ అంటారు. కాదని ఎప్పుడూ వాదించలేదు. చెప్పులు విడిచి మూడడుగులు వేశాక, ఉన్నాయా లేవా అని తిరిగి చూసే రకం నేను. అట్లాంటి నాకు తొంభైల చివర్లో ఒక పాత మోటార్ సైకిల్ చేతికొచ్చింది. అప్పుడు పుంగనూరు పశువుల ఆసుపత్రిలో పని. చౌడేపల్లె పక్క పల్లెల్లో ఏ ఆవుకు జబ్బు చేసినా పోవాల్సింది నేనే. బస్సును నమ్ముకుంటే, నేను చేరేలోపు ఆవు తనంతట తానే లేచి మేతకు పోయి ఉండేది, లేదా పూర్తిగానే పోయి ఉండేది.

అవి బండ్లు బాగా పోతున్న రోజులు. మదనపల్లె మార్కెట్ ముందర పెట్టిన బండి, టమోటాలు సంచికెత్తుకుని వచ్చేసరికి లేదని వారానికొకరు చెప్పేవారు. బండి నంబరును అద్దాల మీదా ట్యాంకు మీదా మడ్‌గార్డు మీదా చెక్కించుకోండి, దొంగలు జంకుతారు అని పోలీసులు అందరికీ చెప్పేవారు. నాకది నచ్చలేదు. కనబడే నంబరును గీకేయడానికి దొంగకెంతసేపు పడుతుంది? నాకు తప్ప ఎవరికీ తెలియని గుర్తు కావాలి నాకు.

మా నాయన కురబలకోట దగ్గర మా ఊళ్ళో గొర్రెలు కాసేవాడు. ఆ చుట్టుపక్కల ఒక్కో ఇంటికి ఒక్కో చెవి గుర్తు. మాది కుడి చెవికి రెండు కోతలు. మా గొర్రె తప్పిపోయి ఎవరి మందలో కలిసినా, చెవి చూసి ఎవరో ఒకరు తోలుకొచ్చి వదిలేవారు. నేనూ బండికి అట్లాంటి గుర్తే వేయిస్తాను, కాకపోతే ఎవరికీ కనబడని చోట అని చెప్తే, ఆయన నన్ను వింతగా చూశాడు.

"సెవి కోసేది నలుగురికీ కనపడేదానికిరా. దాసిపెట్టుకునేదానికి గుర్తు యాల?"

గొర్రెలకూ బండ్లకూ పోలికేమిటని కొట్టిపారేశాను.

పుంగనూరు బస్టాండు వెనక ఒక మెకానిక్ ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళ నాయన జీవితమంతా కూలికి పోయినవాడు. ఆ ఇంట్లో తన పేరుతో బోర్డు రాయించుకుని అంగడి పెట్టింది ఈయన ఒక్కడే. కనబడేట్టు వేస్తేనే మేలని ఆయనా అన్నాడు. నేను వినలేదు. షట్టరు సగం దించి, పెట్రోలు ట్యాంకు ఊడదీయించి, దాని కింద దాగుండే గొట్టం మీద మొన ఉన్న ఇనుప పంచితో మూడు చుక్కలు కొట్టించుకున్నాను. ఎవరితోనూ అనొద్దని మూడుసార్లు చెప్పాను. సరే సార్ అన్నాడు.

ఇంటికి పోయి పడుకున్నాక కొత్త బెంగ మొదలైంది. ఆ గుర్తు సంగతి ఆయనకు తెలుసు కదా.

ఆరు నెలలకు సంతరోజు పట్టపగలు ఆసుపత్రి ముందు నుంచి బండి పోయింది. హ్యాండిల్ లాక్ వేసే ఉంది. నాకు ఇంకెవరూ గుర్తుకు రాలేదు. తాళం లోగుట్టు తెలిసినవాడు, గుర్తు ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడే. ఫిర్యాదులో ఆయన పేరు రాయలేదు కానీ, టీ అంగట్లో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, జిరాక్స్ షాపులో చెప్పాను. ఆ మాట పోలీసుల దాకా పోయింది. ఆయన్ని పిలిపించి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఏమీ తేలక పంపేశారు. ఆ తర్వాత ఆ అంగడి ముందర నిలబడే బండ్లు తగ్గిపోయాయి. నేను దారి మార్చుకుని ఆ పక్కకు పోవడం మానేశాను.

నాలుగు నెలల తర్వాత కుప్పం పోలీస్ స్టేషన్ నుంచి ఆసుపత్రికి ఫోనొచ్చింది. రాష్ట్ర సరిహద్దు దాటిస్తుండగా కొన్ని బండ్లు దొరికాయి, ఫిర్యాదులిచ్చినవాళ్ళందరినీ వచ్చి చూసుకోమన్నారు. పోయి చూస్తే నా ఎర్రబండి నల్లగా మారి ఉంది. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు రెండూ అరగదీసేశారు. అదే బండి తనదని ఇంకొకాయన అప్పటికే రాసిచ్చి పోయాడట. ట్యాంకు కింద మూడు చుక్కలుంటాయని ఎస్సైకి చెప్పాను. ఆ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగాడు. చెప్పాను. అయితే ఆ చుక్కలు కొట్టినవాణ్ణే తీసుకురమ్మన్నాడు.

పుంగనూరుకు వచ్చి, తలొంచుకుని ఆ అంగడి మెట్టెక్కాను. ఒక స్కూటరుకు పంక్చర్ వేస్తున్నాడాయన. నేను చెప్పిందంతా విన్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నేను రాకుంటే మళ్ళా నన్నే అంటారు గదా సార్. వస్తా పదండి."

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక పోయి కూర్చున్నాడు. కుప్పంలో ఎస్సై అడిగితే, ట్యాంకు విప్పకముందే చెప్పాడు. చుక్కలు మూడు. మూడోది కొట్టేటప్పుడు పంచి జారింది, అది కాస్త కిందికుంటుంది. ట్యాంకు విప్పి, కొత్త రంగు గీకి చూశారు. సరిగ్గా అట్లనే ఉంది. దొంగలెవరో అప్పటికే దొరికారు, ఈయనకు వాళ్ళ ముఖం కూడా తెలియదు. అయినా ఆ క్షణంలో నాకొచ్చిన మొదటి ఆలోచన, ఇంత బాగా ఎట్లా గుర్తుపెట్టుకున్నాడని. ఈ మాట రాయడానికి నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

సంతకం పెట్టాక ఆయన ఎస్సైని ఒక్కటే అడిగాడు, దొంగ తను కాదని ఒక కాగితం రాసి ముద్ర వేసిస్తారా, అంగట్లో అతికించుకుంటానని. నీ మీద కేసే లేనప్పుడు కాగితమెందుకని ఎస్సై నవ్వాడు. బయటికొచ్చాక, నేను రాసిస్తానని అన్నాను.

"మీరు కాగితం మీద సెప్పలేదు గదా సార్. నోటితో సెప్పినారు. నోటితోనే తిరిగి సెప్పండి, యాడయాడ సెప్పినారో ఆడికంతా పోయి."

బండి కోర్టు కాగితాలు పూర్తయి వారానికి చేతికొచ్చింది. దాన్నేసుకుని మొదట టీ అంగడికి పోయాను. పదిమందీ వింటుండగా, మెకానిక్ తప్పేమీ లేదని, పొరపాటు నాదేనని గట్టిగానే చెప్పాను. టీ అంగడాయన నా బండిని ఒకసారి చూసి, గ్లాసు నా చేతికిస్తూ నవ్వాడు.

"బండికి మళ్ళా ఏదో రిపేరొచ్చినట్లుండాదే సార్. అందుకే ఆయప్ప మంచోడైపోయినాడు."

బెంచీ మీదున్నవాళ్ళంతా నవ్వారు. కాదప్పా, నిజమే చెప్తున్నానని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. వాళ్ళు ఇంకా నవ్వారు.