ఖాజా భాయ్ ఎవరి మనిషి?

మంగళవారం రెండో పీరియడ్. బోర్డు మీద సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణలు రాస్తున్నాను. మా అటెండర్ యాదగిరి తలుపు దగ్గర నిలబడి, "సార్, ఖాజా భాయ్ పోయిండట. పొద్దుగాల దుకాణంల టైరు ఇప్పుకుంట ఇప్పుకుంట ఛాతి వట్టుకొని కూసున్నడట, ఇగ లేవలే" అన్నాడు. చేతిలోని సుద్దముక్క జారి కింద పడింది. ఇటువంటి సందర్భంలో 'ఆ వార్త అశనిపాతమైంది' అని రాయడం ఆనవాయితీ. తెలుగు పంతులుగా ఎన్ని సంతాపసభల్లో ఆ మాట వాడానో నాకే గుర్తులేదు. కానీ ఆ క్షణాన నాలో మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. 'మరి శనివారం మ్యాచ్ ఎట్లా?' అనుకున్నాను. మనిషి పోయాడని చెబితే మ్యాచ్ గుర్తొచ్చినందుకు సిగ్గుపడుతున్నాను. అయినా ఆ భయం ఇవాళ్టికీ తగ్గలేదు.

నేను రాస్తున్న ఈ సంతాప కాగితం శనివారం మైదానంలో రెండు జట్ల వైపులా పంచుతారు. అందువల్ల తెలియనివారి కోసం కొంత చెప్పాలి. మహమ్మద్ ఖాజా గారు గండిమైసమ్మలో పుట్టి, అక్కడే పెరిగి, కండ్లకోయ దగ్గర హైవే పక్కన పంక్చర్ దుకాణం నడిపారు. రేకుల షెడ్డు, గాలి మిషను, ఓ బెంచీ, అంతే ఆయన సామ్రాజ్యం. లారీలు వచ్చేవి, కాలేజీ బస్సులు వచ్చేవి. మేడ్చల్, శామీర్‌పేట, బహదూర్‌పల్లి చుట్టుపక్కల కాలేజీల ఫుట్‌బాల్ జట్లన్నీ బంతులు చంకన పెట్టుకొని అక్కడికే వచ్చేవి. గాలి కొడుతూ ఆయన అభిప్రాయం చెప్పేవారు, అడిగినా అడక్కపోయినా. పిల్లలు ఫోన్లో విదేశీ మ్యాచ్‌లు చూపిస్తే తల తిప్పుకునేవారు. "గా టీవీల ఆడేటోళ్లు మన దుకాణానికి గాలికొస్తరా? మనకెందుకు బేటా ఆళ్ల ముచ్చట" అనేవారు.

నాకు బంతి అంటే చిన్నప్పటినుంచీ భయం. అటువంటి నన్ను పట్టుకొని మా ప్రిన్సిపాల్, పీడీ పోస్టు ఖాళీగా ఉందని, ఆటల బాధ్యత నెత్తిన పెట్టారు. మెడలో ఈల వేసుకొని మొదటి మ్యాచ్‌కు వెళ్లిన రోజు బంతి వచ్చి నా కళ్లజోడుకు తగిలింది. అందరూ నవ్వారు. బంతులకు గాలి కొట్టడానికి వచ్చిన ఖాజా భాయ్ మాత్రం కళ్లజోడు తీసి, తుడిచి చేతిలో పెట్టి, "బంతి దిక్కు సూడకున్రి సార్, పోరగాళ్ల కాళ్ల దిక్కు సూడున్రి. బంతి యాడికి వోతదో కాళ్లే ముందుగాల జెప్తయ్" అన్నారు. ఛందస్సులో గణాలు గుర్తుపట్టడం నేర్పిన గురువు నాకు ఒకరున్నారు. ఆట చూడడం నేర్పిన గురువు ఈయనే.

ఈ కాలేజీలన్నీ పోటీపడే జోన్ టైటిల్ విషయంలో ఆయన అభిప్రాయాలు శాసనాల్లా ఉండేవి. శామీర్‌పేట జట్టు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దనేవారు. "వానకాలం షేర్ లెక్క, పులి లెక్క ఆడ్తరు సార్. దసరా సెలవులకు వోయి, కాళ్లు ఇంట్లనే ఇడిసివెట్టొస్తరు." బహదూర్‌పల్లి వాళ్ల మైదానం ఓ పక్కకు వాలి ఉంటుంది కనుక, సొంతగడ్డ మీద వాళ్లు గెలిచినదాన్ని సగం గెలుపుగానే లెక్కించేవారు. పెద్ద మ్యాచ్‌ల గురించి అందరూ గొంతు చించుకుంటుంటే ఆయన మాత్రం, "పెద్ద మ్యాచ్‌ల కప్పు పోదు సార్. ఆఖర్ల ఉన్న టీముతోని అల్కగ, లెక్కలేనట్టు ఆడి డ్రా జేసుకుంటరు సూడున్రి, గాడ పోతది" అనేవారు. నేను నమ్మలేదు. ఆ ఏడాది వానలో, అన్నిటికన్నా కింద ఉన్న జట్టుతో మా పిల్లలు గోలు లేకుండా డ్రా చేసుకున్నారు. ఒక్క పాయింటు తేడాతో కప్పు కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీకి పోయింది. మర్నాడు మా జట్టును బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరెవరు ఎక్కడ నిలబడకపోవడం వల్ల ఆ డ్రా వచ్చిందో గంటసేపు చెప్పారు.

ఇక కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీకీ, మేడ్చల్‌లోని మా డిగ్రీ కాలేజీకీ ఉన్న పగ గురించి. వాళ్లవి నీలం బనియన్లు, మావి పసుపువి. వాళ్లు కాలేజీ బస్సుల్లో వస్తారు, మావాళ్లు పాసు పట్టుకొని ఆర్టీసీ బస్సు వెంట పరిగెత్తుతారు. వాళ్లకు మేమంటే చిన్నచూపని మావాళ్ల కోపం, మేము రౌడీలమని వాళ్ల కోపం. "సదువుల ఎక్కువ తక్కువని కోపముంటె కాళ్లల్ల జూపెట్టున్రి, చేతులల్ల గాదు" అని ఖాజా భాయ్ రెండు పక్షాలకూ చెప్పేవారు. ఎవరూ వినలేదు. రెండేళ్ల కిందట మ్యాచ్ అయ్యాక రాళ్లు లేచాయి. అప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్న మా ప్రవీణ్‌కు కనుబొమ చీలింది. అంగుళం కిందికి తగిలితే కన్ను పోయేది. నా చేతిరుమాలు రక్తంతో తడిసిపోవడం నాకు ఇంకా కలల్లో కనిపిస్తుంది. ప్రవీణ్ ఇప్పుడు మా కెప్టెన్.

ఆ తర్వాతి మ్యాచ్ నుంచి ఖాజా భాయ్ దుకాణం మూసి మరీ వచ్చేవారు. ఒకచోట కూర్చునేవారు కాదు. మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా మైదానం చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. కాసేపు నీలం వాళ్ల మధ్య, కాసేపు పసుపు వాళ్ల మధ్య. ఆయన ఏ వైపు ఉన్నారో తెలియక, ఆయనకు తగులుతుందేమోనని ఎవరూ రాయి పట్టలేదు. ఎందుకంటే రెండు కాలేజీల పిల్లలూ ఆయన తమ మనిషే అని నమ్మారు.

అలా నమ్మడానికి కారణం ఒక్క మాట. ఆయన ఎవరితో మాట్లాడినా "మనోళ్లు" అనేవారు. మా పిల్లలతో "మనోళ్లు ఈసారి గెలుస్తరు" అంటే మావాళ్లు పొంగిపోయేవారు. నీలం వాళ్లతో కూడా అదే మాట. నాలోని తెలుగు పంతులు ఊరుకోలేదు. ఓ రోజు బెంచీ మీద కూర్చొని పాఠం మొదలుపెట్టాను. "ఎదుటివాణ్ని కలుపుకుంటే 'మన' అనాలి ఖాజా భాయ్, కలుపుకోకపోతే 'మా' అనాలి. మీ ఉర్దూలో రెండిటికీ 'హమారే' ఒక్కటే కదా, అందుకే మీకు తికమక" అన్నాను. ఆయన టైరు మీద నుంచి తల ఎత్తకుండా, "అట్లనా సార్" అన్నారు. పాఠం బాగా చెప్పానని సంతోషపడి ఇంటికి వెళ్లాను.

నిరుడు జరిగినది కూడా రాయక తప్పదు. ఆయన మా పసుపు గుంపు మధ్య ఉన్నప్పుడు కండ్లకోయ వాళ్లు గోల్ కొట్టారు. ఖాజా భాయ్ పట్టరాని సంతోషంతో ఎగిరి, "మనోళ్లు గొట్టిండ్రు!" అని అరిచారు. పది పన్నెండు మంది ఆయన చుట్టూ మూగారు. ఎవరో కాలర్ పట్టుకున్నారు. "ఎవరోళ్లు భాయ్? మల్లొకసారి అను" అన్నాడు ఒకడు. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన నా వైపు చూశారు. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే, "వదలండ్రా, ఆయనకు తెలుగు సరిగా రాదు. ఇంట్లో ఉర్దూ కదా, మాట తడబడింది. 'మనోళ్ల మీద గొట్టిండ్రు' అనబోయాడు" అన్నాను. పిల్లలు నవ్వారు. "గింతేనా భాయ్, తెలుగు నేర్సుకో" అని భుజం తట్టి వదిలేశారు. ఆయన కాలర్ సర్దుకొని వెళ్లిపోయారు. నేను ఆయన్ను కాపాడానని అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత దుకాణానికి వెళ్లాను. ఆయన నాకు చాయ్ తెప్పించి, చేతిలోని ట్యూబుకు ప్యాచీ వేయడం ముగించారు. తర్వాత మెల్లగా అన్నారు. "నా తెలుగు మంచిగనే ఉన్నది సార్. గండిమైసమ్మల పుట్టిన. మా అనుడు నాకు రాక గాదు. మా అంటె ఎదుటోడు బయట వడ్తడు. రాయి బయటున్నోని మీదనే గదా సార్ వడేది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వ్యాకరణం చదివి పట్టా తెచ్చుకున్నవాణ్ని నేను. దాన్ని ఎక్కడ వాడాలో తెలిసినవాడు ఆయన. కాసేపటికి ధైర్యం చేసి, "అయితే నిజం చెప్పండి, మీరు ఎవరి వైపు?" అని అడిగాను. "కండ్లకోయోడినే సార్. నా బిడ్డ షాహీన్ గాడనే సదివింది. మొదటి దినం ఆమె గేట్లకు నడిసిపోతుంటె రోడ్డు మీద నిలవడి సూసిన. గప్పటికెంచి నా దిల్ అటే" అన్నారు. మరి మా పిల్లలకు మెళకువలు ఎందుకు చెబుతారని అడిగితే నవ్వారు. "మీరు గట్టిగ ఆడకుంటె మేము గెలిచినా మజా ఏముంటది?" ఆయన నోట 'మేము' అనే మాట విన్నది ఆ ఒక్కసారే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా అబద్ధం సంగతి కూడా చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం ఖబరస్తాన్ దగ్గరికి రెండు జట్లూ వచ్చాయి. ఇద్దరూ బనియన్ల మీద మార్కర్‌తో 'ఖాజా భాయ్' అని రాసుకొచ్చారు. గేటు దగ్గరే మాట మాట పెరిగింది. మా మనిషంటే మా మనిషన్నారు. జనాజా మోస్తున్న పెద్దలు గద్దిస్తే తగ్గారు గానీ, కళ్లలో మంట తగ్గలేదు. చివరికి ఇద్దరు కెప్టెన్లూ నా దగ్గరికి వచ్చారు. ప్రవీణ్ అన్నాడు: "మీకు తెలుసు గదా సార్. కాగితంల రాయున్రి. ఆయన ఎవరోడైతె ఆళ్లు పేరు ఉంచుకుంటరు, ఇంకోళ్లు తీసేస్తరు." కండ్లకోయ కెప్టెన్ సరేనన్నాడు. ఈసారి రెండు జట్లకూ పాయింట్లు సమానం. శనివారం గెలిచినవాళ్లదే టైటిల్. మైదానం చుట్టూ తిరిగే మనిషి లేడు. నిజం రాస్తే మావాళ్లు ఏం చేస్తారో అని భయం. అబద్ధం రాస్తే, ఒకసారి బతికుండగా అవమానించిన మనిషిని చనిపోయాక మళ్లీ అవమానించినట్టు. రెండు రోజులు కాగితం ముందు కూర్చొని లేచాను.

గురువారం, మూడో రోజు జియారత్ ప్రార్థనలకు వాళ్లింటికి వెళ్లి షాహీన్‌తో సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయి కొంగుతో కళ్లు తుడుచుకొని, "గా దినం మీరన్న మాట అబ్బా ఇంట్ల జెప్పిండు సార్. కాలర్ వట్టుకున్నందుకు బాధవడలే. 'సార్‌కు గూడ నాకు తెలుగు రాదనే అనిపించిందా' అన్నడు" అంది. మరి కాగితంలో ఏం రాయమంటావని అడిగాను. "ఆయన కండ్లకోయోడని రాయున్రి సార్. ఆయన తెలుగు మంచిగుండెనని గూడ రాయున్రి" అంది. "నాకు భయమవుతోంది బిడ్డా" అన్నాను. "నాగ్గూడ అయితాంది సార్. అయినా శనివారం నేనొస్త" అంది.

అందుకే రాస్తున్నాను. ఖాజా భాయ్ కండ్లకోయ మనిషి. ఆయన తెలుగు నా తెలుగు కంటే గొప్పది. ఆయనకు మాట తడబడిందని నేను చెప్పింది అబద్ధం.

ఇంతవరకు రాసి, శుక్రవారం మధ్యాహ్నం మా జట్టును క్లాసులో కూర్చోబెట్టి చదివి వినిపించాను. తలుపు దగ్గరే నిలబడి చదివాను, ఎందుకో చెప్పనక్కర్లేదు. చదవడం అయ్యాక ఒకడు బెంచీని కాలితో తన్ని బయటికి వెళ్లాడు. ప్రవీణ్ మాత్రం కూర్చునే అడిగాడు. "గా దినం అబద్ధమెందుకాడిండ్రు సార్?"

"భయపడ్డాను."

"మేం గెలిస్తె ఆయనకు బాధయితుండెనా?"

మళ్లీ అబద్ధం చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. "అయ్యేది ప్రవీణ్. నిజంగానే అయ్యేది" అన్నాను.

వాడు తల వంచుకొని బనియన్ అంచు నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, మిగిలినవాళ్లను వెంటబెట్టుకొని ప్రాక్టీసుకు వెళ్లాడు. పేరు చెరిపేస్తారో ఉంచుకుంటారో చెప్పలేదు. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. నా మాట నమ్మి ఊరుకుంటారో, ఈ కాగితాన్నే ఉండచుట్టి నా మొహాన కొడతారో తెలియదు. రేపు మైదానం చుట్టూ నేను తిరుగుతాను. కాళ్లు వణుకుతాయి, వణకనీ. ఖాజా భాయ్, మీ పాదాలకు నమస్కరించే అర్హత కూడా నాకు ఉందో లేదో తెలియక ఈ నాలుగు మాటలే సమర్పించుకుంటున్నాను. రేపు మా పిల్లలు గెలవచ్చు. గెలిస్తే అందుకు మనస్ఫూర్తిగా బాధపడి, మర్నాడు పొద్దున ఆ గెలుపు ఎట్లా వచ్చిందో మాకే విడమరచి చెప్పే మనిషి ఈ మేడ్చల్ రోడ్డు మీద ఇక లేడు.