పొదుగువాపు ఫోటో, చౌడేపల్లె సర్వర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మాట. మదనపల్లెలో నేను షాపు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. కంప్యూటర్ రిపేర్లు, సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ కనెక్షన్లు నా పని. ఒక మధ్యాహ్నం వెంకట్రమణప్ప గారు ఫోను పట్టుకుని వచ్చారు. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి, ఊరు చౌడేపల్లె. ఒక పెద్ద సోషల్ మీడియా సైటులో పాడిరైతుల కోసం పేజీ నడిపేవారు. పుంగనూరు నుంచి కుప్పం దాకా ఆవులున్న ఆడవాళ్లు ఫోటో పెట్టి అడిగితే జవాబు రాసేవారు.

"పేజీ లేదమ్మా. పొద్దున లేసి సూస్తే ఏమీ లేదు. ఏడేండ్లు రాసిందంతా పాయ."

కంపెనీ పంపిన మెసేజ్ చదివాను. అశ్లీల చిత్రం పెట్టినందుకు పేజీ తీసేశామని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఆ చిత్రమేదో కూడా చూపించారు. పొదుగువాపు వచ్చిన ఆవు పొదుగును దగ్గరగా తీసిన ఫోటో అది.

"ఆవు పొదుగు బూతు ఎట్లయితాదమ్మా? వాళ్లు పాలు తాగరా?"

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. అపీల్ పెట్టాం. అంటే, మీరు చేసింది తప్పని కంపెనీకి చెప్పుకునే ఫారం. మూడోసారి పెట్టినప్పుడు నిమిషం తిరక్కుండానే జవాబొచ్చింది: నిర్ణయం మారదు. మనిషనేవాడు చదివితే నిమిషంలో తేలుస్తాడా? అడుగుదామంటే ఫోన్ నంబరు లేదు, ఆఫీసు ఎక్కడో తెలియదు. చెంచా పొడి వేస్తే పాలు రెట్టింపవుతాయనే మోసపు ప్రకటన మాత్రం అదే సైటులో దర్జాగా తిరుగుతోంది. దానిమీద నేను ఫిర్యాదు చేస్తే అందులో తప్పేమీ లేదన్నారు!

"ఇంకో పేజీ పెడితే దాన్నీ తీసేస్తారు సార్. సర్వరే మనం పెట్టుకుందాం" అన్నాను.

సర్వర్ అంటే రాతలు, ఫోటోలు దాచిపెట్టి, అడిగినవాళ్లకు చూపించే కంప్యూటర్. దాన్ని మన దగ్గరే పెట్టి నడుపుకుంటే సెల్ఫ్ హోస్టింగ్. ఒకే కంపెనీ కింద లేని సోషల్ నెట్‌వర్కులు ఉన్నాయని, అవి ఈమెయిల్ లాంటివని ఆయనకు చెప్పాను. నా మెయిల్ ఒకచోట, మీ మెయిల్ ఇంకోచోట ఉన్నా ఉత్తరాలు అటూ ఇటూ పోతాయి కదా. అట్లాగే ఎవరి సర్వర్ వాళ్లదే, మాటలు మాత్రం అందరి మధ్యా నడుస్తాయి.

చౌడేపల్లె పాలకేంద్రంలో ఇన్వర్టర్ ఉంది, ఫైబర్ కనెక్షన్ ఉంది. పాత కంప్యూటరుకు కొత్త డిస్కు వేసి అక్కడే ఒక మూల పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఉచితం. ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పేది ఆయన, తీసే పని నాది. పాత పేజీలోని జవాబుల్లో, ఎవరెవరి ఫోన్లలోనో మిగిలిన స్క్రీన్‌షాట్లు తప్ప ఏవీ దొరకలేదు. నెల తిరిగేసరికి గుడుపల్లెలో ఒక టీచరమ్మ కుప్పం వైపు వాళ్లకు ఇంకో సర్వర్ పెట్టింది. అక్కడ అడిగిన ప్రశ్నకు ఇక్కణ్నుంచి జవాబు పోతుంటే గెలిచామనుకున్నాను.

అప్పుడొచ్చింది వెంకట్రమణప్ప గారి ఫోను. "రెడ్డెమ్మ రాసింది తీసెయ్ అమ్మా. నీ సేతిలో పనే కదా."

రెడ్డెమ్మది చౌడేపల్లె పక్క పల్లె, రెండావుల మనిషి. ఆమె రాసింది చూశాను: "పొదుగువాపు అంటే సారు రెండు దినాలు సూడమన్నాడు. సూస్తిని. నా ఆవుకు ఒక సన్ను ఎండిపాయ. ఆయన మాట నమ్మి ఆగొద్దండి."

"ఇందులో తిట్టు లేదు సార్. ఎందుకు తీయాలి?"

"నా పేరు పోతాండాదమ్మా! ఊరికే సేస్తాండానే, నాకిదా మర్యాద?"

కంపెనీ మీద వచ్చినంత కోపం ఆయన మీదా వచ్చింది. ఆ సాయంత్రమే బస్సెక్కి చౌడేపల్లె పోయాను. పాలకేంద్రంలో ఆయన ఉన్నారు. తన రాత తీసేయమన్న సంగతి అప్పటికే చెవినపడ్డ రెడ్డెమ్మ పాలు పోయడానికి వచ్చి, క్యాను కింద పెట్టి నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"జరిగిందే రాస్తిని సారూ. యాల తీయల్ల?"

"ఆవుకు జొరముండాదని నువ్వు సెప్పలేదు కదమ్మా."

"మీరు అడగలేదు కదా."

వరుసలో ఉన్నవాళ్లంతా వింటున్నారు. ఆయన ఫోను తీసి, ఆమె రాసినదాని కిందే తడుముకుంటూ టైపు చేశారు. "జ్వరం ఉందా అని నేను అడగలేదు. తప్పు నాదే. పొదుగువాపుతో పాటు జ్వరముంటే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరును పిలవండి." రెడ్డెమ్మ అది చదివి, సరేనన్నట్టు తలూపి, పాలు పోసి వెళ్లిపోయింది. ఆ ఆవుకు ఆ చన్ను మళ్లీ పాలివ్వలేదు. ఆమె రాసిన మాట ఇప్పటికీ అక్కడే ఉంది.

సొంత సర్వర్ యాలమ్మా అని అడిగేవాళ్లకు ఇంతకుముందు ప్రకటనల బెడద ఉండదని, మన ఫోటోలు మన దగ్గరే ఉంటాయని చెప్పేదాన్ని. అవీ నిజమే. కానీ తీసేసే అధికారం సొంత సర్వర్‌లోనూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది, ఆ మనిషికీ బుద్ధి గడ్డి తింటుంది. అట్లాంటప్పుడు ఆ మనిషి పాల క్యానుతో నడిచిపోయేంత దూరంలో ఉండాలి. పదిమందిలో నిలబెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పనివాడై ఉండాలి. ఇప్పుడు ముందుగా చెప్పే కారణం అదే.