పన్నెండో గింజ

గణపతిరావుకు సొంత మనుషుల మీద కూడా లేనంత మమకారం ఒక అట్టముక్క మీద ఉండేది. అరకు దాటాక కొండ మీదుండే చిన్న స్టేషనులో ఆయన అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. బండికీ బండికీ మధ్య బోలెడు తీరిక. ఆ తీరికలో అంతరిక్ష యుద్ధం ఆట ఒకటి తయారుచేశాడు. అట్ట మీద గళ్ళు, చెక్క ఓడలు, పాచికలు. ఒకరిది పెద్ద యుద్ధనౌక. రెండోవారివి మూడు చిన్న తల్లి ఓడలు. ఒక్కో తల్లి ఓడలో నాలుగేసి ఫైటర్లు, అంటే బయటికెళ్ళి పోరాడి తిరిగొచ్చే బుల్లి ఓడలు, ఉంటాయి. అవి కాఫీ గింజలు.

ఆయనతో ఆడేవాడు ఒక్కడే, పట్టాల గ్యాంగులో పనిచేసే సుక్రు. ఎప్పుడూ తల్లి ఓడలే తీసుకునేవాడు, ఎప్పుడూ ఓడిపోయేవాడు. సరే పాపమని గణపతిరావు ఫైటర్ల బలం కొంచెం పెంచాడు. మళ్ళీ పెంచాడు. రెండేళ్ళకు గెలుపోటములు చెరిసగమయ్యాయి. "తూకం కుదిరింది సుక్రూ!" అని పిల్లాడిలా గంతులేసి, విశాఖలో ఒక ఆటల క్లబ్బుకు ఉత్తరం రాశాడు.

ఎనభై మూడు ఆగస్టులో క్లబ్బు సెక్రటరీ సూర్యనారాయణ స్వయంగా దిగాడు. నచ్చితే మూడింటి పాసింజరులో ఆట పెట్టె పట్టుకుపోయి పోటీలో ఆడిస్తాడు. నచ్చకపోతే అంతే సంగతులు. గణపతిరావుకు పొద్దుట్నుంచీ ముద్ద దిగలేదు.

సూర్యనారాయణ తల్లి ఓడలు తీసుకున్నాడు. పన్నెండు గింజల్నీ ఒక్కసారే యుద్ధనౌక మీదికి తోలి, ఓడల్ని దెబ్బ తగలకుండా అట్ట అంచు దాటించి తప్పుకున్నాడు. నాలుగే ఎత్తుల్లో నౌక బుగ్గయింది. మళ్ళీ ఆడారు. మళ్ళీ అంతే.

"ఇదేం తూకమండీ గణపతిరావు గారూ? యుద్ధనౌక తీసుకున్నవాడు ముందే చేతులెత్తేసి ఇంటికెళ్ళిపోవచ్చు."

టైము రెండుంబావు. గణపతిరావు ఫైటర్ల బలం తగ్గిద్దామని కలం తీశాడు. తగ్గిస్తే సుక్రు మళ్ళీ ఓడిపోతాడు. ఇంత బలమిచ్చినా సుక్రు సగం ఆటలే ఎందుకు గెలిచినట్టు?

సుక్రు అట్ట మీదికి వంగి, మిగిలిపోయిన గింజల్ని చూస్తున్నాడు.

"ఈళ్ళనెవులు ఎనక్కి తెత్తారు బాబూ?"

"ఎవర్నిరా?"

"ఈ పిల్లగుంటల్ని. ఓడెల్లిపోనాది గదా."

గణపతిరావుకు అప్పుడు వెలిగింది. సుక్రు ప్రతి ఆటలోనూ ఆఖరి గింజ వెనక్కి వచ్చేదాకా ఓడని కదిలించేవాడు కాదు. అలా ఆగినప్పుడే దెబ్బ తినేవాడు. ఎందుకాగేవాడో ఊళ్ళో అందరూ ఎరుగుదురు. డెబ్బయ్యారు వానల్లో కొండ విరిగిపడ్డనాడు, "అందరూ ఎక్కీసారు" అంటూ గ్యాంగువాళ్ళ ట్రాలీని పట్టాల మీద తోసినవాడు సుక్రే. సొంత తమ్ముడు మంగ్లు ఎక్కలేదు, ఆ మట్టి కిందే ఉండిపోయాడు. ఇంత తెలిసీ, రెండేళ్ళు ఎదురుగా కూర్చుని ఆడీ, ఛీ, ఒక్కనాడూ తనకు తట్టలేదు. సుక్రు పాటించే నియమం తన కాగితాల్లో ఎక్కడా లేదు.

కాగితం లాక్కుని రాశాడు: బతికున్న ఫైటరు ఒక్కటి బయట మిగిలినా ఆ పక్షానికి గెలుపు లేదు.

మూడో ఆట మొదలైంది. ఈసారి సూర్యనారాయణ పారిపోలేకపోయాడు. మూడుకు పది నిమిషాలుందనగా ఆయనకు మిగిలింది ఒక్క ఓడ. యుద్ధనౌక ఇంకొక్క దెబ్బ తింటే పోతుంది. ఓడా అంతే. గింజ ఒకటి ఇంకా బయటే ఉంది. ఆయన గోళ్ళు కొరుక్కుని, కొరుక్కుని, దానికోసం ఓడను వెనక్కి తిప్పాడు. గణపతిరావు పాచిక వేశాడు. ఓడ పోయింది.

"చచ్చాం!" అని నవ్వాడు సూర్యనారాయణ. "ఇప్పుడండీ ఆటంటే. సర్దించండి, పట్టుకుపోతాను."

బండి వచ్చింది. సూర్యనారాయణ ఎక్కి తలుపు దగ్గర పెట్టె కోసం చెయ్యి చాచాడు. స్టేషను గదిలో సుక్రు గింజల్ని పెట్టెలో వేస్తూ లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే.

"ఒకటి నేదు బాబూ."

"కాఫీ గింజేగా, మా వంటింట్లో బోలెడున్నాయి! ఇలా తెండి!" అని బండిలోంచి కేక.

సుక్రు వినలేదు. బల్ల కింద దూరి నేలంతా తడుముతున్నాడు. వాడి మొహం చూడలేకపోయాడు గణపతిరావు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఏ బండినీ ఒక్క నిమిషం ఆలస్యం చేసి ఎరగడాయన. పచ్చజెండా చంకలో పెట్టుకుని, సుక్రు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

గార్డు ఈల వేశాడు. రెండోసారీ వేశాడు.

"ఉండవయ్యా!" అని బల్ల కిందనుంచే అరిచాడు గణపతిరావు. "మావాడొకడు ఇంకా ఎక్కలేదు!"