పొదుగు బుట్టలో మేకు

ద్వారకా నగర్‌లో గుడ్ల బండి దగ్గర ఒక జిమ్ము కుర్రాడు తెల్లసొన మాత్రం తిని, ఉడికిన గుడ్డులోని పచ్చసొనను కాలవలోకి విసిరేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు కంచరపాలెంలో అమ్మమ్మ కోడిని పొదుగుకు వేస్తే, ఉరుములకు గుడ్లు పాడవకుండా బుట్టలో ఇనుప మేకు పెట్టేది. కోడిపిల్లల ఎముకలు ఆ మేకులోంచే వస్తాయనుకునేవాణ్ణి. ఒకసారి ఆడుకుంటూ దాన్ని పోగొట్టాను. ఎముకల్లేని పిల్లలు పుడతాయని భయపడి, ఏడుస్తూ అమ్మమ్మకు చెప్పేశాను.

"ఓరి ఎర్రోడా! మేకు ఉరుముకిరా. పిల్లకి కావల్సిందంతా ఆ పచ్చసొనలోనే ఉంటాది. ఏడుపేటి?" అంది.

నమ్మలేదు. పెంకు పగిలి తడిపిల్ల బయటపడగానే కాలు పట్టి చూశాను. అగ్గిపుల్లంత ఎముక, గట్టిగా తగిలింది.

సొనలోని ప్రోటీన్లు ఎముక ఎదగడానికి సాయపడతాయని పెద్దయ్యాక నా అంతట నేనే చదివి తెలుసుకున్నాను. అయినా, చెంచా తగిలితే చెదిరిపోయే సొన ఆ రోజు పిల్లై నా వేలిని తన్ని లేచి నిలబడిందంటే, ఇప్పటికీ ఆశ్చర్యమే.