అక్క మొహం మీద మీసం

నా చిన్నప్పుడు నాకు అస్సలు గిట్టని వస్తువు ఒకటే, ఫ్లాష్ ఉన్న కెమెరా. అది వెలిగినప్పుడల్లా మా అక్క వెలిగిపోయేది, నేను జిడ్డోడుతూ బయటపడేదాన్ని. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. నవ్వితే బుగ్గలు సొట్టలు పడేవి, ఎటు తిరిగినా ఫొటోకి సరిపోయే మొహం. నా నుదురు మాత్రం అమ్మ రాసిన కొబ్బరినూనె పుణ్యమా అని దోసె పెనంలా తళతళలాడేది. అదే నూనె అక్కకీ రాసేది. ఆ వెలుతురు తన జోలికి మాత్రం పోయేది కాదు.

అప్పుడు మేము ఢిల్లీలో, జనక్‌పురిలో అద్దెకుండేవాళ్ళం. నాన్న సైన్యంలో పనిచేసేవారు. ఆ ఏడు ఆయన్ని సరిహద్దుకి వేశారు, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వీల్లేని చోటికి. మా పై అంతస్తులో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక అంకుల్ ఉండేవారు. ఒక ఫొటో స్టూడియోకి రీటచింగ్ చేసేవారు. అంటే నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీసి, మొహాల మీది మచ్చలూ ముడతలూ కనపడకుండా చేయడం. ఢిల్లీలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళ మొటిమలు ఆయన చేతుల్లో మాయమయ్యాయో లెక్కలేదు.

అక్క పుట్టినరోజుకి ఆయనే కెమెరా తెచ్చారు. మమ్మల్ని వరసగా నిలబెట్టకుండా, మా మానాన మేము ఆడుకుంటుంటే తీశారు. మూడు ఫొటోలు వచ్చాయి. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఒకటి ఎంచింది. "ఆయనకి ఇదొక్కటి పంపుదాం అన్నయ్యగారూ. ఇందులో చిన్నది సరిగ్గా పడలేదు. దాన్ని తీసేసి, పెద్దదాన్ని మటుకు కాస్త పెద్దగా వేసివ్వండి," అంది. నేను తలుపు పక్కనే ఉన్నాను.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నాన్న జేబులో అక్క ఒక్కతే ఉంటుంది. ఆ మంచు కొండల్లో రోజూ తననే తీసి చూసుకుంటారు. అలా చూసి చూసి నా మొహం మర్చిపోతే? ఎనిమిదేళ్ళదాన్ని, నిజంగానే అలా భయపడ్డాను.

మర్నాడు అమ్మ పులిహోర గిన్నె ఇచ్చి పైకి పంపింది. కిటికీ దగ్గర అంకుల్ పనిచేసుకునే ఏటవాలు బల్ల ఉంది. దాని మధ్యలో ఒక గాజు పలక, పలక మీద పుట్టినరోజు నెగటివ్. గిన్నె ఖాళీ చేసిస్తానని ఆయన వంటింట్లోకి వెళ్ళారు. పెన్సిల్ అక్కడే ఉంది. గోరంత ఉన్న అక్క మొహానికి, పైపెదవి మీద, ఓపికున్నంత నల్లగా మీసం పెట్టేశాను. ఖాళీ గిన్నె తీసుకుని బుద్ధిమంతురాలిలా కిందికి దిగాను.

రెండు రోజుల తర్వాత అంకుల్ నన్ను ఒక్కదాన్నే పిలిచి, కొత్తగా వేసిన ఫొటో చేతిలో పెట్టారు. అక్క పెదవి మీద నల్ల మీసం లేదు. తెల్లటి చార ఉంది. అప్పుడే గ్లాసెడు పాలు తాగి మూతి తుడుచుకోనట్టుంది. తను ఇంకా ముద్దొస్తోంది. నా కడుపుమంట రెట్టింపయింది.

"నెగటివ్ మీద నలుపు పెడితే ఫొటోలో తెలుపొస్తుందమ్మా. నేను రోజూ చేసే పని అదేగా," అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని, ఆ అవకాశం కూడా లేకపోయింది. దూదితో మీసం తుడిచేసి, నాకు భూతద్దం ఇచ్చి, మూడు ఫొటోల్లోనూ నన్ను మాత్రమే చూడమన్నారు. చూశాను. ఒకదాంట్లో నా ముందు కేకుంది, ఒకదాంట్లో చేతిలో బెలూనుంది, ఇంకోదాంట్లో అమ్మ కొంగు పట్టుకుని ఉన్నాను. మూడింట్లోనూ నా కళ్ళు ఓరగా అక్క మీదే ఉన్నాయి.

"జిడ్డుదేముంది, అది నా తప్పు. ఫ్లాష్ సూటిగా మొహం మీద కొట్టాను. ఈ చూపు మాత్రం నా పెన్సిల్‌కి లొంగదు," అన్నారు అంకుల్.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన తన తువ్వాలుతో నా నుదురు తుడిచి, ఫ్లాష్‌ని పైకప్పుకేసి తిప్పారు. సున్నం వేసిన కప్పుకి తగిలితే వెలుతురు మెత్తబడి దిగుతుందట. నేను బిగుసుకుని కూర్చున్నంతసేపూ తీయలేదు. గుప్పెడు వేరుశెనక్కాయలు ఇచ్చి ఊరుకున్నారు. ఒలుచుకు తింటూ ఆయన్నీ, అక్కనీ కూడా మర్చిపోయాను. అప్పుడు తీశారు. ఆ ఫొటోలో నుదుటి మీద మెరుపు లేదు, వెనక గోడ మీద నల్లటి నీడ లేదు. నేను బాగున్నాను. మీసం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పుట్టినరోజు ఫొటో కత్తిరిస్తే బాగుండదని అమ్మకి నచ్చజెప్పి, రెండూ నాన్నకి పంపించారు.

ఆర్నెల్లకి నాన్న సెలవు మీద వచ్చారు. పర్సులో నా ఫొటో ఉంటుందని ఎంతో ఆశగా తెరిచాను. ఉన్నది పుట్టినరోజు ఫొటో. అదే జిడ్డు నుదురు, అదే ఓరచూపు. నా కొత్త ఫొటో నానమ్మకి పంపేశారట. ఇదెందుకు ఉంచుకున్నావని ఏడుపు గొంతుతో అడిగాను.

"అక్కని చూసి ఎంత మురిసిపోతున్నావో చూడు ఇందులో," అన్నారు నాన్న. "అక్కడ మనసు బాగోనప్పుడల్లా ఇదే తీసేవాణ్ణి. నేను లేకపోయినా ఇద్దరూ ఒకరికొకరు ఉన్నారులే అనుకునేవాణ్ణి."

అంకుల్ అక్కడే కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన నావైపు చూడలేదు, కప్పులోకే చూస్తూ ఉండిపోయారు. నేను "అవును నాన్నా" అన్నాను.

ఇప్పుడు నేను నోయిడాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అక్క జనక్‌పురి నుంచి మెట్రో ఎక్కి వస్తుంది. మా మనవరాలు ఫోన్ ఎత్తి "నానీ, ఇధర్ దేఖో" అంటుంది, అమ్మమ్మా ఇటు చూడమని. ఫొటో తీశాక తెర మీద వేలితో రుద్ది మా ముడతలు తీసేస్తుంది. అక్కకి రుద్దాల్సినవి ఇప్పటికీ తక్కువే. నాకు ఇప్పటికీ మండుతుంది, దాచడం దేనికి. అయినా మనవరాలు ఎంత అరిచినా నేను ఫోనుకేసి చూడను, అక్కకేసి తిరుగుతాను. ఆ పాత ఫొటోలో నాన్నకి కనిపించిన చూపు నా కళ్ళలో ఎక్కడుందో కాసేపు వెతుక్కుంటాను. ఈమధ్య అంతగా వెతకాల్సి రావడం లేదు.