పిన్ని దొడ్డి, కంపెనీ పందులు

మొన్న బుధవారం మా పక్కింటి పిన్ని పోయింది. నేను డెలానీపూర్ ఆఫీసుకు బయలుదేరుతుంటే కబురొచ్చింది. దాణా బస్తా దించుతూ గుండె పట్టుకుని కూర్చుందట, మళ్లీ లేవలేదు. వరసకు ఏమీ కాదు, పిలుపుకే పిన్ని. అయినా ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని అండమాన్ వచ్చిన కుటుంబం వాళ్లది. భర్త పోయాక ఆమె మా బ్రూక్షాబాద్‌లో పందుల్ని పెంచుకుని బతికింది. రోజూ హోటళ్లు తిరిగి ఎంగిలి కూడు బకెట్లతో తెచ్చి పోసేది. ఒక ఏడు పందులకు జ్వరం తగిలి వారంలో దొడ్డంతా ఖాళీ అయింది. పెరట్లోనే గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. ఆ ఎంగిలిలో ఉడకని మాంసం ముక్క ఏదో వచ్చి ఉంటుందని పశువుల డాక్టరు అన్నాడు. ఆ మాట విన్నాక పిన్ని చాలా రోజులు చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కునేది.

తర్వాత ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. పంది పిల్లలు, దాణా, మందులు వాళ్లవి; ఎంగిలి మాత్రం పెట్టకూడదు. దొడ్డి, చాకిరీ ఈమెవి. పెరిగాక వాళ్లే తీసుకుపోతారు. నాకు ఒళ్లు మండింది. సొంత దొడ్డిలో కూలికి కుదురుతావా అని దెబ్బలాడాను.

"కూలీనే బాబూ, ఒప్పుకుంటాను. ఈసారి గొయ్యి తవ్వితే అది ఆళ్ల గొయ్యి. నా ఒక్కదాని వల్ల కాదు" అంది.

నష్టం కంపెనీకి పోయింది గానీ భయం ఆమె దగ్గరే ఉండిపోయింది. తెల్లారగానే ఒక్కో పంది చెవి పట్టుకుని వేడి చూసేది. మా అమ్మాయికి జ్వరమొస్తే కూడా ముందు చెవే పట్టుకుంది. మేం నవ్వాం. ఆమె మాత్రం ఆ రాత్రంతా పిల్ల మంచం దగ్గర కూర్చుంది. ఆ రుణం తీర్చుకోలేదు నేను.

దొడ్డిలోకి ఎవర్నీ రానిచ్చేది కాదు, నన్ను కూడా. ఒక వానాకాలం సముద్రం బాగాలేక దాణా తెచ్చే షిప్పు రాలేదు. బస్తాలు అయిపోయాయి. పందుల అరుపులకు వీధంతా తలుపులు మూసుకుంది. హోటల్ భయ్యా జాలిపడి ఎంగిలి బకెట్టు తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. ఆమె దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. కంపెనీ వాళ్లు చూడరులే, పోసెయ్ పిన్నీ అన్నాను.

"కంపెనీ సూడదు బాబూ. జొరం సూస్తాది."

బకెట్టు వెనక్కి పంపింది. తన పెరట్లో కర్రపెండలం, మా పెరట్లో అరటి బోదెలు నరికి ఉడకబెట్టి, షిప్పు వచ్చేదాకా నెట్టుకొచ్చింది. ఆ నాలుగు రోజులు ఆమె సరిగా తిన్నట్టు నాకు గుర్తు లేదు.

బుధవారం మధ్యాహ్నం శవం వాకిట్లో ఉండగానే దొడ్డిలో అరుపులు మొదలయ్యాయి. రేపు వస్తాం, అందాకా మీరే చూడండి అన్నాడు కంపెనీ మనిషి ఫోనులో. అవి పస్తుంటే పిన్ని ప్రాణం ఊరుకోదనిపించింది. కాళ్లూ చేతులూ కడుక్కుని మొదటిసారి లోపలికి వెళ్లి, తొట్టిలో దాణా పోశాను. ఒక్కటీ రాలేదు. అంతసేపు గోల పెట్టినవి నోరు మూసుకుని అవతలి గోడకు ఒదిగాయి. నన్ను దాటి, గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాయి.