బీరువాలో కొర్రమీను పులుసు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమేనని కొల్లేరు మీద ఒట్టేసి చెబుతున్నానండి.

మాది కలిదిండి. తాడేపల్లిగూడెంలో కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి ఏడాది. గదుల్లో నీసు తింటే హాస్టల్ నుంచి పంపేసేవారు. ఓ ఆదివారం మధ్యాహ్నం అమ్మ పంపిన కొర్రమీను పులుసు క్యారేజీ తెరిచానో లేదో, వరండాలో వార్డెన్ గారి గొంతు వినిపించింది. క్యారేజీతో సహా గోడ బీరువాలో దూరాను. నా రూమ్మేట్ శాస్త్రి, ఏలూరు పురోహితుల అబ్బాయి, బీరువా తలుపు దగ్గరికి వేశాడు.

వార్డెన్ గారు వచ్చి తీరిగ్గా నా మంచం మీదే కూర్చున్నారు. లోపల గాలాడదు. మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. పులుసు చొక్కాలోకి కారుతోంది.

"ఏమయ్యా శాస్త్రీ, ఈ చేపల వాసనేంటి?"

"నేనే తిన్నానండి."

"నువ్వా? మీ ఇంట్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా?"

"నాన్నగారికి చెప్పకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"చెప్పకుండా ఎలా? గది ఖాళీ చేసెయ్."

ఆ మాటకి నేను తలుపు తన్నుకుని బయటికొచ్చి, "పులుసు నాదండీ" అన్నాను. వార్డెన్ గారు పకపకా నవ్వి, ఓ ముక్క రుచి చూసి, ఇద్దర్నీ వదిలేశారు.

పాతికేళ్లుగా అందరికీ ఇలాగే చెబుతున్నాను. ఒట్టేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను, నేను బయటికి రాలేదండి. ఆ బీరువాకి గడియ కూడా లేదు, వేలితో తోస్తే తెరుచుకునేది. మర్నాడు నేను క్లాసు నుంచి వచ్చేసరికి శాస్త్రి పెట్టె లేదు. నా క్యారేజీ మాత్రం శుభ్రంగా తోమి, కిటికీలో బోర్లించి ఉంది.